తాళం లోపల, చెవి బయట

శ్రావణ శుక్రవారం, పొద్దున పదకొండున్నర. హన్మకొండలో బట్టల షాపుకు అంతకు మించిన గిరాకీ దసరా ముందు తప్ప ఉండదు. కింద, పైన కలిపి ఎంత లేదన్నా 200 మంది ఉన్నారు. అప్పుడు ఫైర్ అలారం మోగింది. అంతస్తుకు రెండు చొప్పున హూటర్లన్నీ ఒక్కసారే అందుకున్నాయి. ఒక్కరంటే ఒక్కరు బయటికి నడవలేదు. చీరలు విప్పి చూపిస్తున్న పిల్లలు గొంతు పెంచి ధరలు చెప్పడం మొదలుపెట్టారు. ఒక పెద్దమ్మ మాత్రం చెవుల మీద కొంగు కప్పుకుని నా గల్లా దగ్గరికి వచ్చింది. "బిడ్డా, గా మోత బంద్ చేసి నా బిల్లు కొట్టరాదూ, పరకాల బస్సు పోతది" అన్నది.

నేను మోత బంద్ చేశాను. బిల్లు కొట్టాను. ఆ తర్వాత పైకి పోయి చూశాను. ఏమీ లేదు, లక్ష్మీదేవి పటానికి సేటు పట్టిన ఊదు పొగ మెట్ల గుండా రెండో అంతస్తుకు ఎక్కింది. అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది ఊదు పొగ కాకపోయినా నేను చేసే పని అదే వరసలో ఉండేది. ముందు మోత, తర్వాత బిల్లు, ఆఖరుకు పొగ.

నేను అలారాల మనిషిని కాదు, లెక్కలు రాసే మనిషిని. అలారాన్ని నడిపే పెట్టెను, అదే ప్యానెల్‌ను, నా కుర్చీ వెనక గోడకు బిగించారు గనుక అది నా నెత్తిన పడింది. బిగించిన రోజు కంపెనీ నుంచి వచ్చిన తమ్ముడు పది నిమిషాలు చెప్పిపోయాడు. "అక్కా, ఎర్ర లైటొస్తే ఫైర్, పసుపు వస్తే ఫాల్ట్, పచ్చ ఉంటే మంచిగున్నట్టు. మోత ఆపాల్నంటే గిది నొక్కు." ఆ ఒక్క బటనే షాపులో అందరికీ గుర్తుండిపోయింది. దాని మీది అక్షరాలు అరిగిపోయాయి. దాని పక్కనే అందరినీ బయటికి పంపించే ఇవాక్యుయేట్ బటన్ ఉంది. దాని మీద ఫ్యాక్టరీలో అంటించిన ప్లాస్టిక్ పొర ఇప్పటికీ అట్లాగే ఉంది.

ప్యానెల్ చేసే పని నాకు అర్థం కావడానికి దాదాపు ఏడాది పట్టింది. మా దగ్గర ఒక్కో అంతస్తు ఒక్కో జోన్, కింద గోదాం ఇంకో జోన్. జోన్ అంటే పెద్ద సంగతేమీ కాదు, ప్యానెల్ నుంచి బయల్దేరి ఆ అంతస్తులో పొగను కనిపెట్టే డిటెక్టర్లన్నిటినీ తాకుతూ పోయే రెండు తీగలు. ఆ తీగల చిట్టచివర వడ్లగింజంత రెసిస్టర్ ఒకటి ఉంటుంది. ప్యానెల్ దాని గుండా కొద్దిపాటి కరెంటును రాత్రీ పగలూ పంపుతూనే ఉంటుంది. మా అమ్మమ్మ చీకట్లో మంచం మీంచి "పిల్లా, ఉన్నవా?" అని ఊరికే పిలుస్తుండేది, నేను "ఊఁ" అంటుండేదాన్ని. ఇదీ అట్లాంటిదే. ఆ "ఊఁ" వినబడినంత సేపు పచ్చ లైటు. ఎలుక కొరికో, సీలింగ్ పనివాళ్ళ మేకు దిగో తీగ తెగితే "ఊఁ" రాదు. అప్పుడు పసుపు లైటు వెలిగి ప్యానెల్ ఒక్కటే సన్నగా కీచుమంటుంది. డిటెక్టర్‌కు పొగ తగిలిందా, ఆ తీగలో కరెంటు పెరుగుతుంది. అది చూసి ఎర్ర లైటు, హూటర్లు.

ఆ కీచుమనే చప్పుడు మనిషి ఓర్చుకోలేనిది. ఓర్చుకోవద్దనే దాన్ని అట్లా పెట్టారు. మా దగ్గర ఎవరో దాని చిల్లుల మీద గాయాలకు వేసే ప్లాస్టర్ అతికించారు, ఆ మీద ఇంకో పొర. ఎవరని అడిగితే ఎవరూ కాదు. (నేనే అయ్యుండొచ్చు. జీఎస్టీ రిటర్నుల వారం అది.)

రీసెట్ బటన్ సంగతి ఇంకా పెద్ద కథ. పొగ చూసిన డిటెక్టర్ ఆ సంగతి తనంతట తాను మరిచిపోదు. పొగ పోయినా దాని ఒంటి మీది ఎర్రచుక్క వెలుగుతూనే ఉంటుంది, మనం రీసెట్ కొట్టేదాకా. అంటే అంతస్తులో పది డిటెక్టర్లుంటే ఏది చూసిందో, ఏ మూల చూసిందో తలెత్తితే తెలుస్తుంది. కాని మనం ఏం చేస్తాం? కింద కూర్చున్న చోటనే సైలెన్స్, ఆ వెంటనే రీసెట్. ఎర్రచుక్క ఆరిపోతుంది. పైకి పోతే అన్నీ ఒక్క తీరుగా అమాయకంగా చూస్తుంటాయి. రాత్రి ఎవరో వాకిట్లోకి వచ్చిపోతే, పొద్దున్నే అడుగుల గుర్తులు చూడకుండా కల్లాపి చల్లేసినట్టు. అక్నాలెడ్జ్, అంటే మోత విన్నానని ప్యానెల్‌కు చెప్పే బటన్, కొట్టాలి, ఏ జోనో చూడాలి, ఒక మనిషి అక్కడికి పోవాలి, ఎర్రచుక్క ఎక్కడుందో కనిపెట్టాలి, ఆ కింద ఏముందో చూడాలి, ఆ మనిషి ఏమీ లేదని ఫోన్‌లో చెప్పాకే మోత ఆపాలి, అన్నిటికన్నా ఆఖరున రీసెట్. ఈ వరస నాకు కంఠతా వచ్చు. వచ్చి కూడా ఆ శుక్రవారం తప్పాను.

ఎందుకు తప్పానంటే, అంతకుముందు మోగిన ప్రతిసారీ ఉత్తుత్తిదే అయింది గనుక. కాని ఉత్తుత్తిది అని కొట్టిపారేసిన వాటికి కూడా, వెతికినప్పుడల్లా కారణం దొరికింది. పొగ డిటెక్టర్ లోపల చిన్న చీకటి గది ఉంటుంది. అందులో ఒక పక్క దీపం, ఇంకో పక్క కన్ను. దీపం వెలుగు నేరుగా కంట్లో పడకుండా మధ్యన అడ్డు. పొగ దూరితే ఆ రేణువుల మీద వెలుగు చెదిరి కంట్లో పడుతుంది. అంతటితో దాని దృష్టిలో అది మంటే. ఆ కంటికి పొగకూ నూలుపోగు దుమ్ముకూ తేడా తెలియదు. ఫాల్, పికో కుట్టే మూలన మూడు నెలలకోసారి మోగేది. విప్పి చూస్తే లోపల బూజులా దారపు పీచు. పక్కనున్న ఇస్త్రీ టేబుల్ దగ్గర స్టీమ్ ఐరన్ ఆవిరి. టీ కాచే మూల మరీ దారుణం. అక్కడ పొగ డిటెక్టర్ తీసేసి వేడి చూసే రకం, 57 డిగ్రీలది పెట్టించాం. పై రేకుల షెడ్డులో మే నెల ఎండకు అది కూడా మోసపోయేలా ఉందని అక్కడ అంతకన్నా ఎక్కువ డిగ్రీలది. ఇవన్నీ కలిపి రెండు పూటల పని. అంతకుముందు రెండేళ్ళు మేం చేసింది ఏమిటంటే, ఆ అంతస్తు జోన్‌ను ఐసొలేట్ చేసి, అంటే ప్యానెల్ పట్టించుకోకుండా చేసి పెట్టడం. దసరాకు చేసినది సంక్రాంతి దాకా అట్లాగే ఉంది. మూడు నెలలకు పైగా రెండో అంతస్తులో మంటొచ్చినా ప్యానెల్‌కు పట్టదు. ఆ మూడు నెలలూ మేం చాలా ప్రశాంతంగా ఉన్నాం.

దొంగ అలారం తీరు వేరు. రాత్రి తొమ్మిదిన్నరకు కీప్యాడ్ మీద కోడ్ కొడితే 45 సెకన్లు టైమిస్తుంది, ఆలోపు షట్టర్ దించుకుని బయటపడాలి. షట్టర్‌కు అయస్కాంతం, దాని ఎదురుగా స్విచ్. షట్టర్ లేస్తే రెండూ విడిపోయి లైను తెగుతుంది. లోపల మూలల్లో పీఐఆర్ సెన్సర్లు. అవి కనిపెట్టేది కదులుతున్న ఒంటి వేడిని, చుట్టూ ఉన్న గోడల వేడితో పోల్చుకుని. అందుకే మే నెలలో గోడలు కూడా ఒంటి వేడికి దగ్గరగా వచ్చిన రాత్రుల్లో వాటి చూపు మందగిస్తుంది. దొంగలకు ఈ సంగతి తెలియకపోవడం మన అదృష్టం. ఇక చలికాలంలో దాని మీదికి బల్లి ఎక్కితే చాలు. దూరాన ఉన్న మనిషీ, కంటి మీదున్న బల్లీ దానికి ఒక్కటే. రాత్రి రెండింటికి సేటుకు ఫోన్ పోతుంది, సేటు నుంచి నాకు వస్తుంది, మా ఆయన నన్ను చూసి దుప్పటి ముసుగు తన్నుతాడు.

గల్లా కింద కాలితో తొక్కే స్విచ్ కూడా ఉంది. ఎవరైనా కత్తి చూపించి డబ్బులడిగితే చప్పుడు లేకుండా ఫోన్లు పోతాయి. ఊడ్చే అక్క చీపురు తగిలి రెండుసార్లు పోయాయి. అది పెద్దగా చెప్పుకోవాల్సిన కథ కాదు.

చెప్పుకోవాల్సింది 2024 నవంబరు. ఖమ్మం రోడ్డు మీద మాకు దగ్గరలోనే ఉన్న రాయపర్తిలో బ్యాంకు దోచారు. కిటికీ గుండా దిగి, అలారం తీగలు కోసి, కెమెరాల పని పట్టి, గ్యాస్ కట్టర్‌తో లాకర్ కోసి దాదాపు 19 కిలోల బంగారం పట్టుకుపోయారు. విలువ 13 కోట్లు దాటింది. అది చుట్టుపక్కల ఊళ్ళ జనం కుదువ పెట్టుకున్న బంగారం. వరంగల్, హన్మకొండల్లో ఆ వారం షాపుల వాళ్ళెవరూ సరిగ్గా నిద్రపోలేదు. మా సేటు రాత్రి పదకొండుకు స్కూటరేసుకుని వచ్చి షట్టర్ తాళం లాగి చూసి పోయేవాడు.

ఆ భయంలో కొన్ని మంచి పనులు జరిగాయి. తీగ కోస్తే నోరు మూసుకునే అలారం వేరు, తీగ కోస్తేనే అరిచే అలారం వేరు. మాది మొదటి రకమని అప్పుడు తెలిసింది. బయటి గోడకు సొంత బ్యాటరీ ఉన్న సైరన్ పెట్టించాం. ప్యానెల్ నుంచి దానికి పోయే తీగ కోసినా, దాని మూత తీసినా తనంతట తాను మోగుతుంది. ఫోన్లు చేసే డయలర్‌లో సిమ్ కార్డు రీచార్జి అయిపోయి ఎనిమిది నెలలని అప్పుడే తేలింది. అన్ని నెలలూ దొంగ పడినా అది ఎవరికీ ఫోన్ చేసేది కాదు. ఫైర్ ప్యానెల్ అడుగున 12 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి, కరెంటు పోతే దాన్ని నడిపేవి. ఒకటి పొట్ట ఉబ్బి ఉంది. కరెంటు ఉన్నంత సేపు పచ్చ లైటు వెలుగుతుంది గనుక ఎవరూ అటు చూడలేదు.

అదే భయంలో ఒక చెడ్డ పని కూడా జరిగింది. షాపు వెనక మెట్లున్నాయి. ఒక్కో అంతస్తు నుంచి ఆ మెట్ల మీదికి ఒక్కో తలుపు. ఆ నాలుగు తలుపులకూ బయటి పక్క కొత్త తాళాలు పడ్డాయి. తాళంచెవులు నాలుగూ సేటు కారు చెవుల గుత్తిలోకి పోయాయి.

సేటు మాటను నేను తీసిపారేయను. దొంగలు బయటినుంచే రారు. అంతకుముందు ఏడాది వెనక మెట్ల మీంచి క్యారీబ్యాగులో రెండు పట్టుచీరలు కిందికి దిగాయి. ఎవరు దింపారో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆ పిల్ల ఇంటి పరిస్థితి చూసి ఆయన పోలీసుల దాకా పోలేదు. అట్లాంటి మనిషి తాళం వేశాడంటే దుర్మార్గంతో కాదు. ఇన్ని లక్షల సరుకు ఒక్క గడియ మీద ఆధారపడి ఉంటే ఎవరైనా ఇంకో గడియ వేస్తారు.

అయినా నేను ఒప్పుకోను. దొంగ అలారం సరుకు కోసం, నిప్పు అలారం మనిషి కోసం. ఒకటి తలుపు మూయమంటుంది, ఇంకొకటి తెరవమంటుంది. ఒకే గోడ మీద పక్కపక్కనే బిగించిన ఈ రెండు పెట్టెలకు పుట్టుకతోనే పడదు. ఈ తగువు వచ్చినప్పుడల్లా మన షాపుల్లో సరుకే గెలుస్తోంది. ఎందుకంటే రెండు పెట్టెల కోడ్‌లూ, చెవులూ, నేర్పిన విద్యా సరుకు యజమాని దగ్గరే ఉంటున్నాయి. లోపల ఉన్న మనిషి దగ్గర ఉండేది ఒక్క సైలెన్స్ బటనే. నా వాదన ఇంతే: అలారం నడపడం లోపలున్న మనిషి పని, దానికి కావలసినవన్నీ ఆ మనిషి చేతిలోనే ఉండాలి.

ఈ తగువు తీరనిదేమీ కాదు. 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో ఒక ముక్క ఉంది: బయటికి పోయే తలుపును లోపలి వైపు నుంచి తాళంచెవి లేకుండా తీయగలగాలి. దానికి తగ్గ సామాను దొరుకుతుంది కూడా. తలుపుకు అడ్డంగా ఒక ఇనుప పట్టీ, ఒంటితో నెట్టినా తెరుచుకుంటుంది. బయటి వైపు పట్టుకోవడానికి పిడి కూడా ఉండదు. దానికి దొంగ అలారం స్విచ్ ఒకటి కలిపితే, పట్టపగలు ఎవరైనా ఆ తలుపు నెట్టిన మరుక్షణం నా గల్లా దగ్గర కూత పెడుతుంది. చీర దిగుతుంటే తెలుస్తుంది, మనిషి దిగుతుంటే ఆగదు. ధర మా దగ్గర మంచి పట్టుచీరంత కూడా కాదు. ఆఫీసు గదులకు వేలిముద్ర తలుపులు పెట్టుకున్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. ఆ తలుపులకుండే అయస్కాంతపు తాళానికి కరెంటు పోతే తెరుచుకునే గుణం ఉంటుంది. దాన్ని ఇన్వర్టర్‌కు కలిపితే ఆ గుణం పోతుంది. నిప్పు అలారం మోగగానే ప్యానెలే ఆ తాళానికి కరెంటు తీసేసేలా తీగ కలపమని అడగాలి. అడగకపోతే ఎవరూ కలపరు.

2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలొచ్చి ఆరుగురు చనిపోయారు. నలుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. ఊళ్ళు చూస్తే వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాలు. నర్సంపేట వైపు పిల్లలు కూడా ఉన్నారు. మా షాపులో చీరలు చూపించే పిల్లల ఈడే. వాళ్ళను చంపింది మంట కాదు, పొగ. ఆ వార్త వచ్చిన రోజు మా పిల్లల్లో ఒకతె రోజంతా ఏడ్చింది, తన ఇంటర్ దోస్తు ఒకరు అదే బిల్డింగులో ఇంతకుముందు పనిచేసిందట. ఊళ్ళో పని దొరక్క పట్నం పోయిన పిల్లలు వాళ్ళు. ఊళ్ళో పని దొరికిన పిల్లలు మా దగ్గర ఉన్నారు, తాళాల వెనక.

మా వాచ్‌మెన్ తాత సంగతి చెప్పాలి. డెబ్బై దగ్గర పడ్డాయి. ఆజంజాహీ మిల్లులో పనిచేసిన మనిషి. నిజాం కాలంలో, 1934లో మొదలైన ఆ మిల్లు 2002లో మూతపడ్డాక ఎక్కడెక్కడో తిరిగి మా దగ్గర తేలాడు. "మిల్లు సైరన్ కూస్తే వరంగలంతా ఇనబడేది బిడ్డా, కూసిందంటే మనిషి కదలాల్సిందే. మీ గీ పీపీలు ఎవ్వడు ఇంటడు" అంటాడు. పత్తి నిప్పు గురించి ఆయనకు తెలిసినంత ఏ కంపెనీ తమ్ముడికీ తెలియదు. బేలు పైన ఆరిపోయినట్టే ఉంటుందట, లోపల గంటల తరబడి రాజుతూనే ఉంటుందట. అందుకే గోదాంలో చీరల మూటలను గోడకు ఆనించనివ్వడు, బల్బు కింద పెట్టనివ్వడు. ఇంత తెలిసిన మనిషిని రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు లోపల పెట్టి బయట తాళం వేసుకుని పోయేవాళ్ళం. ఆయనకు దొంగ అలారం కోడ్ లేదు. ఫైర్ ప్యానెల్ తాళంచెవి లేదు, అదీ సేటు గుత్తిలోనే. ఎందుకని అడిగితే వాచ్‌మెన్‌కు కోడ్ ఇస్తే దొంగకు ఇచ్చినట్టే అనే జవాబు. మీ షాపులోనూ అదే జవాబై ఉంటుంది.

మార్చి 31 రాత్రి. ఏడాది సరుకు లెక్క. నేను, అయిదుగురు పిల్లలు, తాత. గిరాకీ రాకుండా మోటారు షట్టర్ పూర్తిగా దించేశాం. పదిన్నరకు అలారం మోగింది. చేయి అలవాటుగా సైలెన్స్ మీదికి పోయింది. "ఆగు బిడ్డా" అన్నాడు తాత, ముక్కు ఎగబీల్చి. "గిది వైరు కమురు." గోదాం జోన్ ఎర్రగా వెలుగుతోంది. తాత కిందికి దిగి పైకి అరిచాడు, స్టెబిలైజర్ కాలుతోందని, మెయిన్ తీయమని. నేను మెయిన్ తీశాను. షాపంతా చీకటి. పొగ మెట్లెక్కి వస్తోంది. షట్టర్ బటన్ నొక్కితే కదలదు, కరెంటు తీసింది నేనే కదా. పక్కన చేతితో లాగే గొలుసుంది, బిగించిన రోజు నుంచి ఎవరూ ముట్టలేదు, ఒక మూర కదిలి పట్టేసింది. పిల్లలు వెనక తలుపు దగ్గరికి ఉరికారు. తాళం. సేటు హంటర్ రోడ్డులో ఎవరిదో రిసెప్షన్‌లో ఉన్నాడు, బ్యాండు మోతలో ఫోన్ వినబడలేదు.

తాత ఎర్ర సిలిండర్ పిన్ను తీసి స్టెబిలైజర్ మీద పొడి కొట్టి, దగ్గుకుంటూ పైకొచ్చి, గొలుసు పట్టుకుని వేలాడాడు. షట్టర్ మోకాళ్ళ ఎత్తుకు లేచింది. ఒకరి వెనక ఒకరం బోర్లా పడి పాకి రోడ్డు మీదికి వచ్చాం. ఫోన్‌లో చూసుకుంటే అలారం మోగినప్పటి నుంచి 11 నిమిషాలు. ఇద్దరు పిల్లలు డివైడర్ మీద కూర్చుని వాంతులు చేసుకున్నారు. కాలింది ఒక స్టెబిలైజరు, రెండు చీరల మూటలు.

రోడ్డు మీద నిలబడ్డాక నేను ఫైరింజన్ కోసం ఎదురుచూశాను. చాలాసేపు చూశాను. పక్కనున్న మిర్చి బజ్జీల అన్న అడిగాడు, "ఫోన్ చేసిన్రా మేడం?" అని. ఎవరూ చేయలేదు. అలారం మోగింది గనుక ఫైర్ స్టేషన్‌కు తెలిసే ఉంటుందని ఏడుగురమూ అనుకున్నాం. మా ప్యానెల్ నుంచి బయటికి తీగే లేదు. దొంగ అలారం డయలర్ ఫోన్ చేసేది సేటుకు, నాకు, అంతే. షాపుల్లో పెట్టే అలారాల్లో చాలావరకు ఇట్లాంటివే. 101కి గానీ 112కి గానీ మనిషే ఫోన్ చేయాలి. ఇంత చిన్న ముక్క ఆ పది నిమిషాల పాఠంలో లేదు. ఇప్పుడు ప్యానెల్ పక్కన మార్కర్‌తో రాసి అంటించాను. గిరాకీలు అది చీర కోడ్ అనుకుని అడుగుతుంటారు.

మర్నాడు సేటుతో గొడవ పెట్టుకున్నాను. పదమూడేళ్ళలో మొదటిసారి గొంతు పెంచాను. తాతకు కోడ్ ఇవ్వమన్నాను. ఆయన పాత జవాబే చెప్పాడు. ఆ కీప్యాడ్‌లో ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ పెట్టుకోవచ్చని, ఎవరి కోడ్‌తో ఎన్ని గంటలకు తీశారో అంతా దానిలో రాసుకుంటుందని చూపించాను. అందరం ఒక్కటే కోడ్ వాడడమే అసలు ప్రమాదం, ఆ కోడ్ సేటు పాత స్కూటర్ నంబరని ఎదురు పాన్‌డబ్బా అన్నకు కూడా తెలుసు. ఇంకోటి, ఎవరైనా మెడ మీద కత్తి పెట్టి తీయమంటే కొట్టడానికి వేరే కోడ్ ఉంటుంది. అలారం ఆగినట్టే ఆగి ఫోన్లు పోతాయి. తాతకు అది నేర్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆయన ఆ అంకెలను మిల్లులో తన టోకెన్ నంబరు చేసుకున్నాడు. ఇంక మరిచిపోడు.

ఫైర్ ప్యానెల్ తాళంచెవి ఇప్పుడు ప్యానెల్ పక్కన మేకుకు వేలాడుతోంది. సేటుకు అది ఇప్పటికీ నచ్చదు, వచ్చినప్పుడల్లా ఒకసారి ముట్టుకుని చూస్తాడు. రాత్రి తాత లోపల ఉన్నప్పుడు బయటినుంచి తాళం వేయడం మానేశాం. ఆయనే లోపల గడియ వేసుకుంటాడు. కింది అంతస్తుకూ మొదటి అంతస్తుకూ వెనక తలుపులకు నెట్టుడు పట్టీలు పడ్డాయి. పెట్టిన వారంలోనే ఫోన్ మాట్లాడుకోవడానికి పిల్లలు రెండుసార్లు నెట్టారు, కూత విని నేను ఉరికాను, బాగానే తిట్టాను. చీరలేవీ దిగలేదు.

రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ తాళాలు అట్లాగే ఉన్నాయి. దసరా అయ్యాక చూద్దామంటున్నాడు. దసరా సరుకు వచ్చి వెనక మెట్ల మీదే దిగింది, సూరత్ డబ్బాలు నడుము ఎత్తున. పోయిన శనివారం వాటి ఫొటో తీసి ఆయనకు వాట్సాప్ పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి.

శనివారం శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు, షట్టర్ లేవకముందు, ప్యానెల్‌కు కరెంటు తీసేసి ఉత్త బ్యాటరీ మీద అలారం మోగిస్తాను. ఒక్కో వారం ఒక్కో అంతస్తు. గోడకున్న ఎర్ర పెట్టెను, అద్దం పగలగొట్టకుండా దాని పరీక్ష చెవితో నొక్కుతాను. తాత ఆ అంతస్తు చివర ట్రయల్ రూముల దాకా పోయి, తలుపు వేసుకుని, వినబడుతోందో లేదో ఫోన్ చేసి చెబుతాడు. చెవుడు మొదలైన మనిషి, ఆయనకు వినబడితే అందరికీ వినబడ్డట్టే. పోయిన వారం మూడో అంతస్తు వంతు. ఫోన్ రాలేదు. నేనే చేశాను.

"మోగిచ్చినవా బిడ్డా?" అన్నాడు.